సోడాబుడ్డి అద్దాల నుంచి కంటిలోపలి లెన్స్ దాకా: తండాకు చేరిన లెన్స్, ఇంకా చేరని లెన్స్

  ఈసారి పోస్టు కొంచెం పొడుగు. తీరిక చేసుకుని చదవండి.

పోయిన నెల పరిగి మండలం నుంచి ఒక తమ్ముడు నాకు మెసేజ్ పెట్టినాడు. "అన్నా, నాకు రెండు కళ్ళకూ మైనస్ పదకొండు. లేజర్ కుదరదు అన్నారు. కంట్లోనే లెన్స్ పెట్టే ఆపరేషన్ ఉందంట, బెంగుళూరులో చేస్తారంట. నాయన గొర్రెలు అమ్ముతానంటున్నాడు. చేయించుకుంటే సైటు పూర్తిగా పోతుందా? పోలీసు సెలక్షన్‌కు పనికొస్తుందా?"

నేను డాక్టరును కాదు, చరిత్ర చదువుకున్నవాణ్ణి. అందుకే ఈ లెన్స్ ఎక్కడ పుట్టింది, ఎన్నిసార్లు బెడిసికొట్టింది, మన దాకా ఎంత వచ్చింది అని వెతుక్కుంటూ పోయినాను. తమ్ముడికి జవాబు ఆ చరిత్రలోనే దొరికింది.

సోడాబుడ్డి రెండు రకాలు

మా అవ్వకు సోడాబుడ్డి అద్దాలు ఉండేవి. పెట్టుకుంటే ఆమె కళ్ళు ఇంతింత పెద్దగా కనపడేవి. ఈ తమ్ముడివీ సోడాబుడ్డి అద్దాలే గానీ, వాటి వెనక కళ్ళు చిన్నగా కనపడతాయి. బళ్ళో ఇద్దరినీ ఒకే పేరుతో వెక్కిరిస్తారు. కానీ జబ్బులు వేరు.

అవ్వది ప్లస్ అద్దం. శుక్లం ఆపరేషన్‌లో కంటి లోపలుండే సహజ లెన్స్‌ను తీసేశారు. ఆ లెన్స్ చేసే పని బయట దళసరి అద్దం చేయాల్సి వచ్చింది. తమ్ముడిది మైనస్ అద్దం. అతని లెన్స్ బాగానే ఉంది, కన్నే పొడుగు సాగింది. మామూలు కంటి పొడవు ముందు నుంచి వెనక్కి 24 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. ఒక్క మిల్లీమీటరు అదనంగా పెరిగితే మైనస్ రెండున్నర, మూడు దాకా పవర్ వస్తుంది. దూరం నుంచి వచ్చే వెలుగు వెనకున్న రెటీనా దాకా చేరకుండా ముందే కలిసిపోతుంది. అందుకే దగ్గరిది స్పష్టం, దూరంది మసక. మైనస్ ఆరు దాటితే తీవ్ర హ్రస్వదృష్టి అంటారు.

కన్ను పొడుగు సాగడం అనే ఈ మాట గుర్తుపెట్టుకోండి. చివర్లో మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

ముందు తీసేయడం నేర్చుకున్నారు

కంటి లెన్స్ మీద చేయి వేయడం కొత్త సంగతి కాదు. శుక్లం పట్టిన లెన్స్‌ను సూదిలాంటి పనిముట్టుతో కంటిలోపలే పక్కకు తోసేసే పద్ధతి సుశ్రుత సంహితలో ఉంది. ఊరూరు తిరుగుతూ ఈ పని చేసేవాళ్ళు మన దేశంలో మొన్నమొన్నటి దాకా ఉండేవాళ్ళు. కొందరికి వెలుగు కనపడేది, చాలామందికి చీము పట్టి కన్నే పోయేది.

1890 ప్రాంతంలో ఆస్ట్రియాకు చెందిన విన్సెంజ్ ఫుకాలా అనే కంటి వైద్యుడు ఇంకో ఆలోచన చేశాడు. తీవ్రమైన మైనస్ ఉన్నవాళ్ళకు, శుక్లం లేకపోయినా, లోపలి లెన్స్ తీసేస్తే? మామూలు కంటికి లెన్స్ తీస్తే బాగా ప్లస్ అవుతుంది. మైనస్ 18, మైనస్ 20 ఉన్న కంటికి తీస్తే ఆ ప్లస్సూ ఈ మైనస్సూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నాకు దగ్గరగా వస్తుంది. లెక్క సరిపోయింది, ఆపరేషన్లూ జరిగాయి. కానీ పొడుగు సాగిన కంట్లో రెటీనా అసలే పలచబడి ఉంటుంది. లెన్స్ తీసేసిన తర్వాత రెటీనా ఊడిపోయిన కేసులు పెరిగాయి. ఆ పద్ధతి వెనక్కి పోయింది.

మన పెద్దవాళ్ళలో కూడా ఇది గమనించవచ్చు. చిన్నప్పటి నుంచి దూరపుచూపు సరిగ్గా లేని ముసలాయన పాత కాలం క్యాంపులో శుక్లం ఆపరేషన్ చేయించుకుంటే, తోటివాళ్ళంతా సోడాబుడ్డి అద్దాలు పెట్టుకుని తిరుగుతుంటే ఆయన మాత్రం అద్దాలు లేకుండానే మందను గుర్తుపట్టేవాడు. చూసినవాళ్ళు అది దేవుడి మహిమ అనుకుంటారు. ఫుకాలా లెక్క అదే.

విమానం అద్దం ముక్క

తీసేయడం సరే, కంట్లో కొత్త లెన్స్ పెట్టవచ్చన్న ఆలోచన యుద్ధంలో పుట్టింది. 1940 ఆగస్టులో గోర్డన్ క్లీవర్ అనే బ్రిటిష్ పైలట్ నడుపుతున్న హరికేన్ యుద్ధవిమానం మీద కాల్పులు జరిగాయి. పైలట్ తల మీది ప్లాస్టిక్ గూడు పగిలి, పెర్‌స్పెక్స్ ముక్కలు అతని రెండు కళ్ళలోకి దూసుకుపోయాయి. లండన్ వైద్యుడు హెరాల్డ్ రిడ్లీ ఇలాంటి గాయాలను గమనిస్తూ ఒక సంగతి పట్టుకున్నాడు. కంట్లో ఏది పడినా వాచి, ఎర్రబడి, గోల చేస్తుంది. ఈ ప్లాస్టిక్ ముక్క మాత్రం ఏళ్ళ తరబడి లోపలున్నా కన్ను ఊరుకుంది.

1949 నవంబర్ 29న లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో రిడ్లీ ఒక 45 ఏళ్ళ మహిళ కంట్లో అదే రకం ప్లాస్టిక్‌తో చేసిన లెన్స్ పెట్టాడు. ప్రపంచంలో అదే మొదటిది. ఫలితం ఏమైందో తెలుసా? లెన్స్ పవర్ లెక్క తప్పింది. శుక్లం పోయింది గానీ ఆమెకు మైనస్ 18 సైటు వచ్చింది! కంటిలోపలి లెన్స్ చరిత్ర తీవ్ర హ్రస్వదృష్టిని పోగొట్టడంతో కాదు, తెచ్చిపెట్టడంతో మొదలైంది.

పెద్ద పెద్ద డాక్టర్లు రిడ్లీని తిట్టిపోశారు. కంట్లో పడినదాన్ని తీయడం మన పని, పెట్టడమేంటి అన్నారు. అమెరికా ప్రభుత్వం ఈ లెన్స్‌లకు ఆమోదం ఇచ్చింది 1981లో. బ్రిటన్ ఆయనకు సర్ బిరుదు ఇచ్చింది 2000లో, ఆయన చనిపోవడానికి ఏడాది ముందు. ముసలితనంలో రిడ్లీ తన కళ్ళకూ లెన్స్‌లు వేయించుకున్నాడు.

యాభైలలో తొందరపాటు

రిడ్లీ లెన్స్ శుక్లం ఉన్నవాళ్ళకు: పాత లెన్స్ తీసి కొత్తది పెట్టడం. మన తమ్ముడి లాంటివాళ్ళకు కావలసింది వేరు: సహజ లెన్స్‌ను అట్లే ఉంచి, దానికి తోడుగా ఇంకోటి పెట్టడం. 1953 ప్రాంతంలో ఇటలీలో స్ట్రాంపెల్లి ఈ ప్రయత్నం మొదలుపెట్టాడు. తర్వాత స్పెయిన్‌లో బరాకర్ వందల మందికి వేశాడు. కంటి ముందు గదిలో, అంటే కార్నియాకూ నల్లపాప చుట్టూ ఉండే ఐరిస్‌కూ మధ్యలో, గట్టి ప్లాస్టిక్ లెన్స్ ఇరికించేవాళ్ళు.

మొదట్లో అందరికీ సంతోషమే. ఆపరేషన్ అయిన మర్నాడే దూరం కనపడేది. తర్వాత కొన్నేళ్ళకు అసలు సంగతి బయటపడింది. కార్నియా లోపలివైపు ఒకే ఒక వరుసలో సన్నని కణాలుంటాయి. చేలో బోరు మోటారు నీళ్ళు తోడినట్టు అవి కార్నియాలోని నీటిని తోడిపోస్తూ దాన్ని అద్దంలా ఉంచుతాయి. ఈ మోటార్లు ఒకసారి కాలిపోతే మళ్ళీ పుట్టవు. లెన్స్ అంచులు తగిలి అవి చచ్చిపోయాయి. కార్నియా ఉబ్బి తెల్లబడింది. కొందరికి నీటికాసులు వచ్చాయి. వేసిన లెన్స్‌లలో చాలావాటిని మళ్ళీ కంట్లోంచి తీసేయాల్సి వచ్చింది. బరాకర్ ఆ సంగతి దాచకుండా తన ఫలితాలను ప్రచురించాడు. అందుకే తర్వాతివాళ్ళు ఆగి ఆలోచించగలిగారు. ఈ దారి మూడు దశాబ్దాలు దాదాపు మూతపడింది.

"మర్నాడే కనపడింది" అనే ప్రచారం విన్నప్పుడల్లా నాకు ఆ యాభైల రోగులే గుర్తొస్తారు. మర్నాడు వాళ్ళకూ కనపడింది. కంటి లెన్స్‌కు అసలు పరీక్ష పదేళ్ళ తర్వాత ఉంటుంది.

మళ్ళీ మొదలు

1986లో ఒకేసారి రెండు కొత్త దారులు తెరుచుకున్నాయి. నెదర్లాండ్స్ డాక్టర్ యాన్ వర్స్ట్ చేసిన లెన్స్‌కు ఎండ్రకాయ గిట్టల్లాంటి రెండు కొక్కేలుంటాయి. అవి ఐరిస్‌ను పట్టుకుంటాయి. ఈ కొక్కెం లెన్స్‌తో అమృత్‌సర్ డాక్టర్ దల్జీత్ సింగ్‌కు కూడా సంబంధం ఉంది. మన దేశంలో శుక్లం రోగులకు దీన్ని వేసిన తొలితరం వైద్యుడు ఆయన. 1986లో వర్స్ట్, జర్మనీ డాక్టర్ ఫెచ్నర్ కలిసి దీన్నే మైనస్ కళ్ళకు వాడారు.

రెండో దారి మాస్కోలో ఫ్యోదరోవ్‌ది. కార్నియాకు దూరంగా పోదాం అన్నాడు ఆయన. ఐరిస్‌కు వెనక, సహజ లెన్స్‌కు ముందు సన్నని సందు ఉంది కదా, అక్కడ మెత్తటి సిలికాన్ లెన్స్ పెట్టాడు. దాంట్లోనూ ఇబ్బంది వచ్చింది. సహజ లెన్స్‌కు రాసుకుని కొందరికి శుక్లం పట్టింది. చోటు బాగుంది, పదార్థం బాగాలేదని తేలింది.

ఆ చోటుకు తగిన పదార్థంగా కాలమర్ వచ్చింది. అది కొలాజెన్ కలిపిన మెత్తటి పాలిమర్. అమెరికా కంపెనీ స్టార్ సర్జికల్ దీంతో చేసిన లెన్స్‌ను 1993లో తొలిసారి మనిషి కంట్లో పెట్టారు. దీన్నే ఐసీఎల్ అంటున్నారు. మూడు మిల్లీమీటర్ల గాటులోంచి చుట్టచుట్టిన లెన్స్‌ను లోపలికి పంపితే అది విచ్చుకుని ఐరిస్ వెనక కూర్చుంటుంది. కుట్లు ఉండవు. అమెరికాలో 2005 డిసెంబరులో ఆమోదం దొరికింది. మొదట్లో కంటిలోపలి నీరు ఆగిపోకుండా ఐరిస్‌కు ముందుగానే లేజర్‌తో చిల్లి పెట్టాల్సి వచ్చేది. జపాన్ డాక్టర్ కిమియా షిమిజు లెన్స్ నడిమధ్యలోనే 0.36 మిల్లీమీటర్ల సన్నని రంధ్రం పెట్టాలని చెప్పాడు. నీరు అందులోంచి పారుతుంది. ఈ రకం యూరప్‌లో 2011లో, అమెరికాలో 2022లో వాడకానికి వచ్చింది. గుజరాత్ కంపెనీలు కూడా ఇప్పుడు ఈ తరహా లెన్స్‌లు తయారు చేస్తున్నాయి.

ఇక లేజర్ ఎందుకు కుదరదు అన్నారంటే అది చిన్న లెక్క. కార్నియా మందం అర మిల్లీమీటరు కంటే కొంచెం ఎక్కువ, సుమారు 540 మైక్రాన్లు. ఒక్కో పాయింట్ పవర్‌కు లేజర్ పన్నెండు నుంచి పదిహేను మైక్రాన్లు చెక్కేస్తుంది. మైనస్ పదకొండుకు ఎంత పోతుందో మీరే గుణించుకోండి. అంత చెక్కితే గోడ పలచబడి కార్నియా ముందుకు ఉబ్బే ప్రమాదం ఉంది. ఐసీఎల్ దేన్నీ చెక్కదు. అవసరమైతే బయటికి తీయవచ్చు. దాని గొప్పతనం అదే.

మన దగ్గరికి ఏది వచ్చింది, ఏది రాలేదు

ఇప్పుడు పెన్న ఒడ్డుకు, పరిగికి వద్దాం.

1976లో కేంద్రం జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం మొదలుపెట్టింది. బడి గదుల్లో, సత్రాల్లో క్యాంపులు పెట్టి శుక్లాలు తీసేవాళ్ళు. లోపల లెన్స్ పెట్టేవాళ్ళు కాదు. అందుకే మన అవ్వాతాతలకు సోడాబుడ్డి అద్దాలు. గొర్రెల వెంబడి పోయేటప్పుడు ఆ అద్దం కింద పడి పగిలితే మనిషి మళ్ళీ గుడ్డివాడే. రిడ్లీ లెన్స్ వచ్చి అప్పటికే పాతికేళ్ళు దాటింది. మనకు రాలేదంతే.

ఎందుకు రాలేదు? ధర. విదేశీ లెన్స్ ఒక్కోటి వంద డాలర్ల పైమాట. మదురైలో డాక్టర్ వెంకటస్వామి 1976లో పదకొండు మంచాలతో మొదలుపెట్టిన అరవింద్ ఆసుపత్రి 1992లో ఆరోలాబ్ పేరుతో సొంతంగా లెన్స్‌ల తయారీ పెట్టింది. ధర పది డాలర్ల స్థాయికి, తర్వాత ఇంకా కిందికి దిగింది. 1994లో ప్రపంచబ్యాంకు సాయంతో మన రాష్ట్రంతో కలిపి ఏడు రాష్ట్రాల్లో శుక్లాల పథకం మొదలై లెన్స్ పెట్టే ఆపరేషన్లు పెరిగాయి. ఇటు మన పుట్టపర్తిలో 1991 నవంబర్ 22న ప్రారంభమైన సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి డబ్బు కౌంటరే లేకుండా నడుస్తోంది. అందులో కంటి విభాగం ఉంది. ఇట్లా అన్నీ కలిసి, లండన్‌లో 1949లో పెట్టిన లెన్స్ మన అవ్వల కంట్లోకి రావడానికి దాదాపు యాభై ఏళ్ళు పట్టింది. కనిపెట్టడానికి ఒక్కడు సరిపోయాడు. తండాకు చేర్చడానికి ధర దించేవాళ్ళు కావాల్సి వచ్చింది.

మైనస్ వాళ్ళకు ఆ అదృష్టం ఇంకా పట్టలేదు. ఐసీఎల్ రెండు కళ్ళకూ కలిపి లక్షకు అటూఇటూ మొదలై రెండు లక్షలు కూడా దాటుతుంది. ఈ లెన్స్‌కు ఇంకా ఆరోలాబ్ లాంటి రోజు రాలేదు.

ఇంకో మాట. మనకు ఆపరేషన్ కంటే ముందు అందనిది మామూలు అద్దం. హైదరాబాద్‌లో 1987లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర సంస్థ 1996 నుంచి 2000 వరకు మన ఉమ్మడి రాష్ట్రంలో పదివేల మందికి పైగా కళ్ళు పరీక్షించింది. అందులో ఆదిలాబాద్ జిల్లా కూడా ఉంది. చూపు తగ్గడానికి పెద్ద కారణాలు శుక్లం, సరిచేయని సైటు అని తేలింది. సరిచేయని సైటు అంటే కేవలం అద్దం లేక కనపడకపోవడం!

హిందూపురం చుట్టుపక్కల ఇది ఎట్లా దాక్కుంటుందో చూడండి. మైనస్ ఉన్న పిల్ల దగ్గరి పని బాగా చేస్తుంది. పేటియాకు అద్దాలు కుడుతుంది, పట్టుగూళ్ళు ఏరుతుంది, దారం పోగు పట్టుకుంటుంది. "మా బిడ్డకు చూపేమి, సూదిలో దారం ఎక్కిస్తుంది" అంటుంది తల్లి. బళ్ళో బోర్డు కనపడదు. పక్క పిల్ల నోట్సు చూసి రాసుకుంటుంది. అయ్యవారు మొద్దు అంటాడు. ఏడో తరగతికల్లా బడి మానేస్తుంది. ఆ పిల్లకు చదువు రాక కాదు, కన్ను రెండు మిల్లీమీటర్లు పొడుగు సాగింది.

2019 అక్టోబర్ 10న వైఎస్సార్ కంటి వెలుగు మొదలైంది మన అనంతపురంలోనే. సుమారు 70 లక్షల మంది బడిపిల్లల కళ్ళు చూడాలని, అవసరమైనవాళ్ళకు ఉచితంగా అద్దాలు ఇవ్వాలని పెట్టుకున్నారు. మంచి పని. కానీ పెరిగే పిల్లల పవర్ ఏటా మారుతుంది. ఒకసారి ఇచ్చిన అద్దం రెండేళ్ళకు చాలదు. బడిలో ఏటేటా పరీక్ష జరగాలని అడగాల్సింది మనమే.

తమ్ముడికి జవాబు

తమ్ముడూ, నువ్వు అడిగిన ఒక్కోదానికి చెప్తా.

ఆపరేషన్ మంచిదేనా? సరైన కంటికి, సరైన వయసులో, మంచిదే. ఇరవై ఒకటి దాటాలి. పవర్ కనీసం ఏడాదిగా మారకుండా ఉండాలి. కంటి ముందు గది లోతు సుమారు మూడు మిల్లీమీటర్లు ఉండాలి. కార్నియా కణాలు ఎన్నున్నాయో లెక్కపెట్టాలి. లెన్స్ సైజు కంటికి సరిపోవాలి. పెద్దదైతే లోపలి ఒత్తిడి పెరుగుతుంది, చిన్నదైతే సహజ లెన్స్‌కు తగిలి శుక్లం పడుతుంది. ఈ కొలతలు తీయకుండా "రేపే రండి" అనే చోటుకు పోవద్దు.

సైటు పూర్తిగా పోతుందా? అద్దం పోతుంది, సాగిన కన్ను సాగినట్టే ఉంటుంది. మొదట్లో గుర్తుపెట్టుకోమన్న మాట ఇదే. రెటీనా పలచగానే ఉంటుంది. ఊడే ప్రమాదం పోదు. అద్దం లేదు కదా అని కంటి డాక్టరును మరిచిపోయేవాళ్ళకే ఎక్కువ నష్టం. ఏడాదికోసారి పాప పెద్దది చేసే చుక్కలు వేయించుకుని రెటీనా చూపించుకోవాలి. ఉన్నట్టుండి మెరుపులు కనపడినా, నల్లచుక్కలు తేలినా, పక్క నుంచి తెర దిగినట్టు అనిపించినా ఆ రోజే పోవాలి. ఆపరేషన్ చేయించుకోని మైనస్ వాళ్ళకూ ఇదే మాట.

పోలీసు సెలక్షన్‌కు? ఇక్కడ మాత్రం గట్టిగా చెప్తున్నా. ఆ ఆశతో గొర్రెలు అమ్మొద్దు. కేంద్ర బలగాల్లో చాలా పోస్టులకు ఏ రకంగా సరిచేసిన చూపునూ ఒప్పుకోరు. సైన్యంలో లేజర్ చేయించుకున్నవాళ్ళకు కంటి పొడవు కూడా కొలుస్తారు. పొడవును ఏ ఆపరేషనూ దాచలేదు. నువ్వు అప్లై చేసే నోటిఫికేషన్‌లో వైద్య నిబంధనలు చదివి, ఆ తర్వాతే డాక్టరు దగ్గరికి పో. ఏ పథకం కింద డబ్బు వస్తుందని ఎవరు చెప్పినా ఆసుపత్రిలోని వైద్యమిత్రను అడిగి నిర్ధారించుకో.

అద్దం మొరటుగా ఉందనే బాధ ఉంటే దాన్ని కొట్టిపారేయను. బళ్ళో పడిన మాటలు నాకూ తెలుసు. సంపాదన మొదలైనాక, నీ డబ్బుతో, నీ ఇష్టంతో చేయించుకో. అప్పటికి ధర కూడా ఇంకొంచెం దిగొచ్చు. ఇప్పటికి సన్నటి హై ఇండెక్స్ అద్దం, చిన్న ఫ్రేము చాలు. చదువు ఆగకూడదు, అంతే.

మిగతావాళ్ళకు రెండు పనులు. ఒకటి: ఈ ఆదివారం మీ తండాలో, మీ కాలనీలో పిల్లల్ని నిలబెట్టి ఒక్కో కన్ను మూయించి దూరంగా ఉన్న బస్సు బోర్డో, గోడ మీది రాతో చదివించండి. కళ్ళు చికిలించిన పిల్లల పేర్లు రాసుకుని, ప్రభుత్వాసుపత్రి కంటి విభాగానికి మీరే వెంటబెట్టుకుని పోండి. రెండు: మీ అవ్వాతాతల్ని కంటి క్యాంపుల గురించి అడిగి ఇక్కడ రాయండి. ఏ ఏట, ఏ ఊరి బళ్ళో, ఎట్లా తీసుకుపోయారు, కట్టు విప్పినప్పుడు మొదట ఎవరి మొహం కనపడింది. రిడ్లీ కథ లండన్ వాళ్ళు రాసుకున్నారు. మన అవ్వ కథ మనమే రాసుకోవాలి.

జై సేవాలాల్.